పద్నాలుగో పేలుడు

నేను చదువుకున్నదాన్ని కాదు. సంతకం పెట్టగలను, బస్సు నంబరు గుర్తుపట్టగలను, అంతవరకే. మా ఇంటి పైగదిలో అద్దెకుంటున్న అమ్మాయి నేను చెబుతుంటే రాస్తోంది. వరంగల్ వైపు పిల్ల, ఇక్కడ ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో మాస్టర్స్ చదువుతోంది. నా గొంతు ముందునుంచీ బొంగురే, అందులోనూ నేను గబగబా మాట్లాడతాను. "ఆంటీ, జర నిమ్మళంగ చెప్పుండ్రి, చెయ్యి గుంజుతుంది" అంటుంది. నిమ్మళంగా చెప్పగలిగే సంగతైతే ఇన్నేళ్ళు కడుపులో దాచుకునేదాన్నే కాదు.

మొన్న హాఫ్ టర్మ్ సెలవుల్లో నా మనవరాలు వంటింటి బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని స్కూలు ప్రాజెక్టు చేసుకుంటోంది. దానికి పన్నెండేళ్ళు. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో ఇస్తుంది. వాళ్ళమ్మ, అంటే నా కూతురు, ఇక్కడే ఆస్పత్రిలో నర్సు, నేనుండేది దాని దగ్గరే. ఆ వారం దానికి అన్నీ పగటి డ్యూటీలే పడ్డాయి. నేను ఎదురుగా కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను.

ఏం రాస్తున్నావే అంటే కెనడాలో రైలు మార్గం వేసిన కథ అంది. నాకు అందని ముక్కలు పైగది అమ్మాయి తెలుగులో చెప్పింది. ఆ సముద్రం నుంచి ఈ సముద్రం దాకా పట్టాలు వేశారట. పట్టాలు పడ్డాక గోధుమలు కదిలాయి, కలప కదిలింది, గనులు తెరిచారు. రైలు ఆగినచోటల్లా ఊరు లేచింది. పొలాలిస్తామంటే వేరే దేశాలనుంచి జనం వచ్చిపడ్డారు. ఆఖరికి దేశంలో గడియారాలు కూడా రైలు చెప్పిన వేళకే తిప్పుకున్నారట.

"అంతకుముందు ఆ నేల ఎవరిదే?" అన్నాను.

అక్కడ ముందునుంచీ ఉన్నవాళ్ళదట. వాళ్ళను పక్కకు నెట్టేశారట.

తర్వాత ఒక ఫొటో చూపించింది. సొరంగం నోటి దగ్గర మనుషులు. ముందు వరసలో టోపీలవాళ్ళు, బూట్లవాళ్ళు. వెనక వరసలో బక్కవాళ్ళు, మొహాలు సరిగా పడలేదు. చైనానుంచి తెచ్చిన కూలీలు, కొండలు పేల్చింది వాళ్ళేనట, చాలామంది చచ్చిపోయారట.

"వాళ్ళ పేర్లేంటి?"

"ఇట్ డజంట్ సే, అమ్మమ్మా."

"పేలినవి ఎవరు లెక్కపెట్టేవారని రాశారా?"

దానికి ప్రశ్నే అర్థం కాలేదు. పేలుళ్ళను లెక్కపెట్టడం ఏమిటన్నట్టు చూసింది. నా చేతులు చిక్కుడుకాయల మీదే ఆగిపోయాయి. కొండలు పేల్చే తూటాల పొగ వాసన ముక్కుకు తగిలింది. అరవయ్యేళ్ళ కిందటి వాసన, ఇక్కడ, హీటింగ్ వేసుకున్న వంటింట్లో.

మా వైపు కూడా అలాంటి లైనే ఒకటి వేశారు. సముద్రం దగ్గరనుంచి కొండల మీదికి. అక్కడ ఇనుపరాయి ఉందని, అది రైలెక్కి రేవుకు వస్తుందని, రేవులో ఓడెక్కి వేరే దేశం పోతుందని పెద్దవాళ్ళు చెప్పుకునేవారు. "రాయి కొనుక్కునే దేశం కూడా ఉంటాదేటి, ఆళ్ళకి కొండల్లేవేటి" అని మా అమ్మమ్మ ఆశ్చర్యపోయేది. మా ఊళ్ళో రెండేళ్ళు వరసగా వానల్లేవు. కొండ మీద పనుంది, రోజూ బియ్యం ఇస్తారు అంటే అమ్మా అయ్యా నన్నూ అమ్మమ్మనూ వెంటబెట్టుకుని నడిచి ఎక్కారు. మా అమ్మ తమ్ముడు, మా చిన్నమావ, అప్పటికే అక్కడ సొరంగంలో కన్నాలు తొలిచే పనిలో ఉన్నాడు.

గుడిసెలు వరసలుగా ఉండేవి. ఒక వరసలో మేము, దాని పైన ఒంగోలు వైపునుంచి వచ్చిన రాతిపనివాళ్ళు, ఆ పైన ఒరియావాళ్ళు, చివర మిషన్లు నడిపే మలయాళంవాళ్ళు. పొద్దున ఒక్కో గుడిసె ముందు ఒక్కో వాసన. మాది చోడి అంబలి, అంటే రాగి జావ, ఎండుచేప. చివరి వరసలో కొబ్బరినూనె. టీ అనేది నేను మొదట అక్కడే తాగాను, మూడు గుక్కలు, నాలిక కాల్చుకుని. చెట్టుకు రైలుపట్టా ముక్క వేలాడదీసి దాని మీద కొడితే పనికి లేచేవాళ్ళం, మళ్ళీ కొడితే అన్నం తినేవాళ్ళం. మా ఊళ్ళో ఎండను బట్టి తినేవాళ్ళం. కొండ మీద ఆ ఇనుపముక్కే మాకు సూర్యుడు.

కొండవాళ్ళు ముందు చెట్ల వెనకనుంచి చూసేవారు. తర్వాత పనసపళ్ళు, విస్తళ్ళు కుట్టే అడ్డాకులు తెచ్చి అమ్మారు. తర్వాత వాళ్ళూ తట్టలెత్తారు, తాము పోడు చేసుకున్న చోటే.

అయ్య రాయి కొట్టేవాడు. అమ్మ తట్ట మోసేది. పేలుడు అయ్యాక లోపల పడ్డ రాయిని ఆడవాళ్ళే బయటికి మోసుకొచ్చేవారు. ఆ పొగ పీలిస్తే తల పగిలిపోయేది. అమ్మ నుదుటికి గుడ్డ బిగించి కట్టుకుని నవ్వుతూ, "రాణీగారి కిరీటం" అనేది.

మా చిన్నమావకు అప్పుడు పంతొమ్మిదేళ్ళు ఉంటాయేమో. నాకు తొమ్మిది. మా వైపు మేనమామకు పిల్లనివ్వడం మామూలే. అందుకని అమ్మమ్మ నన్ను ఏడిపించేది.

"ఒలే గుంటా, నీ మొగుడికి అంబలట్టుకెళ్ళి ఇచ్చీయే."

"ఆడు నాకేం మొగుడు కాదు. ఆడి పళ్ళు పచ్చగుంటాయి."

మావ అటునుంచి అనేవాడు. "నానే దీన్ని ఒల్లను బాబో. ముక్కు తుడుసుకోడం రాదు దీనికి."

అందరూ నవ్వేవారు. నేను అంబలి ముంత అతని ముందు ఠక్కున పెట్టి పారిపోయేదాన్ని.

ఇక మేస్త్రి సంగతి. ఒంగోలు వైపు మనిషి, అరవై దగ్గర పడ్డాయి. తూటాలు పెట్టించడం, వత్తులు ముట్టించడం, తర్వాత లోపలికి పోవచ్చని చెప్పడం ఆయన పని. ఆయన ఈల వేసేదాకా ఒక్కరూ కదలకూడదు. ఆయన చేతికింద ఇంతవరకూ ఒక్క ప్రాణం పోలేదని రాతిపనివాళ్ళు గొప్పగా చెప్పుకునేవారు. నేను మేస్త్రితాతా అని పిలిచేదాన్ని.

నాకు పనీ లేదు, బడీ లేదు. ఒకరోజు ఆయన వెనక నడుస్తూ "కోతి మేస్త్రి, కోతి మేస్త్రి" అన్నాను. తిరగలేదు. మర్నాడు గట్టిగా అన్నాను. తిరగలేదు. మూడోరోజు ఇంకా పాడుమాటలు అన్నాను, అవి ఈ పిల్లతో రాయించను. నాలుగోరోజు అంటూ ఉండగా ఆయన ఎందుకో తిరిగి నా పెదాలు చూశాడు. చెవి పట్టుకుని రాతిచాటుకు తీసుకెళ్ళాడు. కొడతాడనుకున్నాను. కొట్టలేదు. చుట్టూ ఎవరూ లేరని చూసుకున్నాడు.

"ఎవురికన్నా చెప్పావా అమ్మాయ్?"

లేదని తలాడించాను.

"చెప్పమాక. ఇన్నేళ్ళు పేలుళ్ళు పేల్చీ పేల్చీ చెవులు పోయినయ్యి నాకు. కంత్రాటుదారుకు తెలిస్తే సాయంత్రానికి కొండ దింపేస్తాడు. ఊళ్ళో నాకు ఆధారం ఏం లేదు."

అప్పటిదాకా పక్కవాళ్ళ ఉలికిపాట్లు చూసి లెక్కపెట్టుకునేవాడట. అప్పుడు నాకొక పని కుదిరింది. పని ఎలాగంటే, రాతిలో కన్నాలు తొలిచి తూటాలు కూరి, వత్తులు ఒకదానికంటే ఒకటి పొడుగ్గా కోస్తారు. అన్నీ ఒకేసారి పేలకుండా ఒకదాని వెంట ఒకటి పేలాలి, బయట మేస్త్రి లెక్కపెట్టుకోవాలి, మిగతావాళ్ళు ఆయన ఈల కోసమే చూస్తారు. పది కన్నాలు పెడితే పది వినపడాలి. ఒకటి తగ్గిందంటే, అది లోపల బతికే ఉందన్నమాట. అప్పుడు ఒక కుండెడు అన్నం ఉడికేంతసేపు ఎవరూ దగ్గరికి పోకూడదు. ఆ తర్వాత కూడా మేస్త్రి ఒక్కడే పోయి వెతికి చూసుకోవాలి. మేము లోయకు ఇవతల ఉండేవాళ్ళం. కాళ్ళకింద నేల అదిరేది గానీ, ఎన్నిసార్లు అదిరిందో ఆయన కాళ్ళకు తెలిసేది కాదు. అందుకని నేను రాయి మీద ఆయన పక్కన కూర్చునేదాన్ని, తాతా మనవరాలిలాగా. ఆయన చెయ్యి నా చేతిలో ఉండేది. ఒకటి పేలగానే ఒకసారి నొక్కేదాన్ని. ఇంకోటి పేలగానే ఇంకోసారి. లెక్క సరిపోతే ఆయన లేచి ఈల వేసేవాడు. పని అయ్యాక బెల్లం జీడి ఒకటి ఇచ్చేవాడు.

ఎన్ని వారాలు అలా చేశానో గుర్తులేదు. ఒక్కసారి కూడా తప్పలేదు. ఆయన నన్ను నమ్మాడు. నాకు ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేను. యాభైమంది నా వేలికొస మీద ఆగి ఉన్నారని నాకొక్కదానికే తెలుసు.

ఆరోజు కొండకింద సంత. పని తొందరగా తేలితే తీసుకెళ్ళి గాజులు కొంటానని అమ్మ మాటిచ్చింది. పొద్దుటినుంచి జల్లు. కన్నాలు పద్నాలుగు. తట్టలు తల మీద బోర్లించుకుని ఆడవాళ్ళు తడుస్తూ నిలబడ్డారు. మావ గడ్డపార భుజాన పెట్టుకుని మా రాయి దగ్గరికొచ్చి నా జడ లాగాడు.

"ఏటే గుంటా, గాజులు తొడుక్కుని మహారాణివైపోతావేటి?"

"నీకెందుకు. పో."

పేలుళ్ళు మొదలయ్యాయి. నేను నొక్కుతున్నాను. పది, పదకొండు, పన్నెండు. పదమూడు. తర్వాత ఏమీ లేదు. వాన చప్పుడు ఒక్కటే. మేస్త్రితాత నా మొహంలోకి చూస్తున్నాడు. ఒకటి తగ్గిందంటే అందరూ ఆగాలి. అన్నం ఉడికేంతసేపు ఆగాలి, ఆ తర్వాత ఆయన వెతకాలి, ఈలోగా సంత అయిపోతుంది.

నొక్కాను. పేలుడు లేకుండా ఒక్క నొక్కు.

ఆయన లేచి ఈల వేశాడు.

ముందు పోయేది మావే. పైన వేలాడే రాళ్ళను గడ్డపారతో పొడిచి రాల్చాలి, లేకపోతే ఆడవాళ్ళ మీద పడతాయి. మేము ఇంకా లోయ దాటుతూ ఉన్నాం, మావ సొరంగంలోకి దూరాడో లేదో పద్నాలుగోది పేలింది.

మోసుకొచ్చినప్పుడు అతని మొహం మీద అమ్మ కొంగు కప్పి ఉంది. కొంగు ఎర్రగా తడిసిపోయింది. బతికాడు. రెండు కళ్ళూ పోయాయి, ఎడమచేతి వేళ్ళు రెండు పోయాయి. అమ్మమ్మ అరవలేదు. మావ పాదాలు పట్టుకుని కూర్చుని, "సల్లగున్నాయి, సల్లగున్నాయి" అని రుద్దుతూనే ఉంది.

ఇంజనీరు జీపులో వచ్చాడు. కంత్రాటుదారు మనుషులు వచ్చారు. లెక్క ఎవరు పెట్టారని అడిగారు. నేను అమ్మ వెనక నిలబడి ఉన్నాను. మేస్త్రితాత వాళ్ళ పెదాలు చూస్తూ, "నేనే లెక్కబెట్టానయ్యా. నాదే పొరపాటు" అన్నాడు. నావైపు చూడనైనా చూడలేదు. మర్నాడు మూట కట్టుకుని దిగిపోయాడు. దారి పొడుగునా రాతిపనివాళ్ళు మొహం తిప్పుకున్నారు. మా అయ్య ఆయన వెనక ఉమ్మేశాడు.

నేను ఎవరికీ చెప్పలేదు. పదమూడోదానికి కొండ తిరిగి పలికితే దాన్ని పద్నాలుగోది అనుకున్నానని నాకు నేనే చెప్పుకున్నాను. ఏళ్ళ తరబడి చెప్పుకుంటే నిజంగా విన్నట్టే అనిపించేది.

మేము కొండ దిగి రేవుపక్క పేటకు వచ్చాం. ఇనుపరాయి రైళ్ళు మా గుడిసె వెనకనుంచే పోయేవి. ఎర్రదుమ్ము అన్నంలో, బట్టల్లో, జుట్టులో. మావ తాళ్ళు పేనడం నేర్చుకున్నాడు. నేను చెయ్యి పట్టుకుని వీధుల్లో తిప్పేదాన్ని. రైలు పెట్టెలు ఎన్నో చప్పుడు బట్టి చెప్పేవాడు. నేను కళ్ళతో లెక్కపెట్టేదాన్ని. అతను ఒక్కసారి కూడా తప్పలేదు.

నాకు పెళ్ళీడు వచ్చాక అమ్మమ్మ అడిగింది, ఏడిపించడానికి కాదు, నిజంగానే. "ఆడికి నువ్వు కాక ఎవులున్నారే." అయ్య ఒప్పుకోలేదు. మావ కూడా, "గుడ్డోడికి కట్టబెట్టి దాని గొంతు కొయ్యకండి" అన్నాడు. అందరూ నన్ను చూశారు. నేను ఒప్పుకుంటే అప్పు తీరినట్టు అని నా లోపల ఎవరో అంటున్నారు. నేను ఒల్లనని చెప్పాను. రేవులో పనిచేసేవాణ్ణి చేసుకున్నాను. మంచివాడే, పోయి తొమ్మిదేళ్ళయింది. ఆయనకు కూడా ఈ సంగతి చెప్పలేదు.

నా పెళ్ళికి కొంచెం ముందు ఒక మధ్యాహ్నం మేస్త్రితాత మా గుమ్మంలోకి వచ్చాడు. ఎవరో చిరునామా చెప్పారట. మనిషి సగమైపోయాడు. "అబ్బాయిని ఒకసారి చూసిపోదామని వచ్చా" అన్నాడు. గొంతు గుర్తుపట్టగానే మావ చేతిలో తాడు కింద పడేశాడు.

"ఆణ్ణి పొమ్మను. మంచినీళ్ళు కూడా ఇయ్యకండి. నా కళ్ళు తినీసినోడికి నా ఇంట్లో నీళ్ళు నేవు."

ఆయనకు ఆ మాటలు వినపడలేదు. కానీ మావ మొహం చూస్తే తెలిసిపోయింది. మెట్టు మీద కాసేపు కూర్చున్నాడు. నేను తలుపు వెనక చెంబుతో నీళ్ళు పట్టుకుని నిలబడ్డాను. నా పేరు చెప్తాడని ఇవతలికి రాలేదు. ఆయన నన్ను చూశాడు. "పిల్ల ఎదిగిందే" అన్నాడు, నవ్వాడు, లేచి వెళ్ళిపోయాడు. చెంబు నా చేతిలోనే ఉంది.

ఇదంతా మనవరాలికీ పైగది అమ్మాయికీ ఆ వంటింట్లోనే చెప్పేశాను. మొదటిసారి నోరు దాటింది. మనవరాలు లేచి వచ్చి నా మెడ చుట్టూ చేతులు వేసింది. పైగది అమ్మాయి కళ్ళు తుడుచుకుని, "మీరప్పుడు చిన్నపోరి గద ఆంటీ, మీ తప్పేమున్నది" అంది.

తప్పు ఎవరిదని నేను అడగలేదు. నేను చెయ్యాల్సింది ఒకటి మిగిలి ఉంది. మావ ఇంకా ఉన్నాడు. ఎనభై దాటాయి. కొండ దిగాక పుట్టిన మా తమ్ముడి ఇంట్లో ఉంటున్నాడు. ప్రతి ఆదివారం ఫోన్‌లో మాట్లాడుకుంటాం. నేను ఇక్కడి చలి గురించి చెబుతాను, అతను మోకాళ్ళ గురించి చెబుతాడు.

ఆ ఆదివారం పొద్దున ఫోన్ చేసి మామూలు మాటలు అయ్యాక, కొండ తిరిగి పలికిందని మొదలుపెట్టాను. సగంలో ఆగిపోయాను. "కాదు మావా, పలకలేదు. నేను పదమూడే విన్నాను. సంతకి పోవాలని పద్నాలుగు అన్నాను. లెక్క పెట్టింది మేస్త్రి కాదు, నేను."

అటునుంచి తలుపు దగ్గరికి వెయ్యమని ఎవరికో చెప్పడం వినపడింది.

"ఇన్నాళ్ళూ ఎందుకు సెప్పనేదే?"

"భయం మావా."

"నాను నిన్నేటి సేసీగల్ను? కళ్ళు నేనోణ్ణి. నువ్వు గుంటవి. అప్పుడే సెప్పుంటే నిన్ను ఆ రోజే ఒగ్గీసీవోణ్ణి. కానీ ఆ ముసిలోణ్ణి గుమ్మంలోంచి ఎళ్ళగొట్టీసినాను కదే. ఆడు వొచ్చి కూకున్నాడు. ఒక్క మాట అన్నేదు. అరవయ్యేళ్ళు ఆణ్ణి తిట్టుకుంటా బతికినాను. ఇప్పుడు ఈ తిట్లన్నీ నానెక్కడెట్టుకోనే?"

నా మీద కోపగిస్తే బాగుండు అనిపించింది. అతను ఏడుస్తున్నాడు. కళ్ళు పోయినా ఏడుపు వస్తుంది, నేను చిన్నప్పుడే చూశాను.

తర్వాత ఆదివారం అతనే ఫోన్ చేయించాడు. పలకరింపు కూడా లేదు.

"ఆ మేస్త్రిది ఏ ఊరో నీకు తెల్సా?"

తెలుసు. రాయి మీద కూర్చున్నప్పుడు ఊరు పేరు, వీధి గుర్తు, ఇంటి ముందున్న నల్లరాతి అరుగు అన్నీ చెప్పేవాడు.

"అయితే రా. నన్నట్టుకెళ్ళు. ఆడు ఉండడు. ఆడి పిల్లలో, పిల్లల పిల్లలో ఉంటారు. మా తాత ఒకణ్ణి గుడ్డోణ్ణి సేసినాడని ఆళ్ళు తలొంచుకునుంటారు. నువ్వు సెప్పాలి. నాను పక్కనుండాలి."

ఎక్కడి ఒంగోలు వైపు, ఎక్కడి మేము. ఇద్దరం ముసలివాళ్ళం. ఒకరికి చూపు లేదు, ఇంకొకరికి చదువు లేదు. ఆ కొండలైను మీద ఇప్పుడు అద్దాల పెట్టెలతో రైలు నడుస్తోందని, సొరంగం రాగానే లోపల జనం సరదాగా కేకలు పెడతారని తమ్ముడు చెప్పాడు. పెట్టుకోనీ. వాళ్ళకు చెప్పేదేమీ లేదు.

నా కూతురు నన్ను విమానం ఎక్కించడానికి వార్డులో సెలవు అడిగి, టికెట్ తీసి, మందులన్నీ వారాలవారీగా డబ్బాల్లో సర్దింది. సర్దుతూ అడిగింది. "అమ్మా, ఆ ఇంట్లోవాళ్ళు మిమ్మల్ని లోపలికి రానివ్వకపోతే?"

రానివ్వకపోతే బయటే నిలబడి చెబుతాం. మీ తాత లెక్క తప్పలేదు, ఆయనకు తప్పు లెక్క చెప్పింది నేను అని. వీధిలో నలుగురూ వినేలా చెప్పాలి. దానికి ఈ బొంగురు గొంతు సరిపోతుంది.